ఊపిరి మరచే పసికందులు

నిద్రలో ఉన్నా, పనిలో ఉన్నా మనం ఊపిరి తీయడం మరచిపోము. రక్తంలో కార్బన్ డై ఆక్సైడ్ కొంచెం పెరగగానే మెదడు అడుగుభాగంలోని శ్వాసకేంద్రం శ్వాసను వేగిరపరుస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన శిశువులో ఈ కేంద్రం ఇంకా పరిపక్వమై ఉండదు. అందువల్ల శ్వాస ఉన్నట్టుండి ఆగుతుంది.

అయిదు, పది సెకండ్ల విరామం ఈ శిశువులలో మామూలే. 20 సెకండ్లు, అంతకు మించి ఆగినా, కొద్దిసేపే ఆగి గుండెవేగమో ఆక్సిజనో పడిపోయినా దానిని 'అప్నియా' అంటారు. 28 వారాలకు ముందే పుట్టిన శిశువులలో దాదాపు అందరికీ ఇది వస్తుంది.

మానిటర్ హెచ్చరించగానే నర్సు మొదట చేసే పని చాలా సులభమైనది: అరికాలినో, వీపునో మెల్లగా రుద్దడం. చాలాసార్లు ఆ స్పర్శతోనే శ్వాస మొదలవుతుంది. మెడ వంగి గాలిదారి మూసుకుపోకుండా తలను సరిచేస్తారు. అప్పటికీ ఊపిరి రాకపోతే మాస్కు, సంచితో గాలి అందిస్తారు. విరామాలు తరచుగా వస్తుంటే ముక్కు ద్వారా నిరంతర పీడనంతో గాలి పంపే 'సీప్యాప్' అమరుస్తారు. ఇన్‌ఫెక్షన్, రక్తంలో చక్కెర తగ్గడం, ఒళ్లు చల్లబడటం వంటి కారణాలేమైనా ఉన్నాయేమో కూడా చూస్తారు.

దీనికి వాడే ముఖ్యమైన మందు మనకు పరిచయమైనదే: కెఫీన్. పరీక్షల రోజులలో కాఫీ నిద్రను ఆపేది దీనివల్లనే. శ్వాసకేంద్రాన్ని అణచే అడినోసిన్ అనే పదార్థాన్ని ఇది అడ్డుకుంటుంది. 2,006 మంది శిశువులపై జరిపిన అంతర్జాతీయ పరిశోధన ఫలితాలు 2006, 2007 సంవత్సరాలలో వెలువడ్డాయి. ఏడాదిన్నర దాటాక చూస్తే, మరణం లేదా వైకల్యం మందు పొందినవారిలో 40.2 శాతం, పొందనివారిలో 46.2 శాతం. అయితే పెద్దల శరీరంలో సుమారు అయిదు గంటలలో సగానికి తగ్గే కెఫీన్‌కు ఈ శిశువులలో దాదాపు నాలుగు రోజులు పడుతుంది. కనుక మోతాదును బరువును బట్టి డాక్టరే నిర్ణయించాలి. ఇంట్లో కాఫీ పట్టడం ప్రమాదకరం.

ఈ సెకండ్ల లెక్కకు దూరం పెద్ద శత్రువు. అండమాన్‌లోని ప్రోతరాపూర్‌కు, 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లోని గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి కొద్ది కిలోమీటర్ల దూరమే. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే నుంచి వచ్చేవారు మాత్రం 500 కిలోమీటర్లకు పైగా సముద్రం దాటాలి. పుట్టిన శిశువుకు ఆ ప్రయాణం కష్టం. అందుకే నెలలు నిండకుండా కాన్పు వచ్చే సూచనలుంటే, వీలైనంతవరకు ముందే తల్లిని శిశు చికిత్సా సౌకర్యాలున్న ఆసుపత్రికి చేర్చాలి. తల్లి గర్భాన్ని మించిన ఇంక్యుబేటర్ లేదు.

చాలామంది శిశువులలో 37 వారాల వయసు వచ్చేసరికి శ్వాసకేంద్రం పరిపక్వమై విరామాలు వాటంతటవే పోతాయి. చికిత్సంతా ఆ గడువు దాకా శిశువును కాపాడుకోవడమే.