మ్యాచ్ అయ్యాక మూత్రమే రాదేం?

మ్యాచ్ అయిపోయి గంటలు గడిచినా మన కుర్రాళ్లకు మూత్రం రావటం లేదు.. ఎందుకని? 1965లో అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టు సహాయ కోచ్ డ్వేన్ డగ్లస్‌కు వచ్చిన సందేహమిది. అదే విశ్వవిద్యాలయంలోని కిడ్నీ నిపుణుడు డాక్టర్ రాబర్ట్ కేడ్‌ను అడిగారు. ఆ ప్రశ్నే క్రీడా వైద్యాన్ని మలుపు తిప్పింది.

నీళ్లు తాగనిచ్చేవారు కాదు

అమెరికన్ ఫుట్‌బాల్ మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. బంతిని చేత్తో పట్టుకొని పరుగెత్తుతూ, ఒకరినొకరు ఢీకొట్టే ఆట. తలకు హెల్మెట్, భుజాలకు మందపాటి ప్యాడ్లు. ఫ్లోరిడా ఉక్కపోతలో ఇక చెమట ఆరేదెక్కడ? పైగా ఆడేటప్పుడు నీళ్లు తాగితే కడుపులో తిప్పుతుందని ఆ రోజుల్లో చాలామంది కోచ్‌లు నమ్మేవారు. కొందరైతే ఒక్క మ్యాచ్‌లోనే 8 కిలోల దాకా బరువు తగ్గేవారు. ఒంట్లోని నీరు చెమటగా పోతుంటే, మిగిలిన కాస్త నీటిని కిడ్నీలు పట్టి ఉంచుతాయి. అందుకే మూత్రం రాదు.

ఉప్పు, చక్కెర, నిమ్మరసం

కేడ్ బృందం మొదటి సంవత్సరం ఆటగాళ్లను పరీక్షించింది. సోడియం, పొటాషియం గాడి తప్పాయి. రక్తంలో చక్కెర, రక్త పరిమాణం తగ్గాయి. దీంతో నీటిలో ఉప్పు, చక్కెర కలిపి ద్రావణం తయారుచేశారు. రుచి ఘోరం! కేడ్ భార్య మేరీ సలహాతో నిమ్మరసం చేర్చారు. ముందు జూనియర్లకు ఇచ్చి చూశారు. ద్వితీయార్ధంలో వాళ్లు చెలరేగిపోయారు. మర్నాడు ప్రధాన జట్టూ అదే తాగి, లూసియానా స్టేట్ జట్టును 14-7తో ఓడించింది. 1966 సీజన్‌లో 9 విజయాలు, 2 ఓటములతో పాటు ఆరెంజ్ బౌల్ ట్రోఫీ కూడా దక్కింది. ఘనతంతా పానీయానిదే కాదు. ఆ జట్టులో స్టీవ్ స్పరియర్ లాంటి మేటి ఆటగాడున్నాడు. జట్టు పేరు గేటర్స్ కాబట్టి పానీయానికి గేటరేడ్ అని పేరొచ్చింది.

మనకేం పాఠం?

చిన్నపేగుల్లో సోడియం, గ్లూకోజు కలిసి లోపలికి వెళ్తూ నీటినీ వెంట తీసుకెళ్తాయి. ఓఆర్ఎస్ కిటుకూ ఇదే. అయితే రెండూ ఒకటి కాదు. క్రీడా పానీయాల్లో చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ. విరేచనాలైతే ఓఆర్ఎస్సే వాడాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీటిలో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపొచ్చు. చెంచాలు తలకొట్టి కొలవాలి. ఏసీ గదిలో కూర్చునేవారికి మామూలు నీళ్లు చాలు. మధుమేహం, అధిక రక్తపోటు, కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టర్‌ను అడిగే తాగాలి.

ఎండలో మాట తడబడినా, తికమకపడినా వడదెబ్బగా అనుమానించాలి. ఒళ్లు చల్లబరుస్తూ వెంటనే ఆసుపత్రికి తరలించాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు.

పొలం నుంచో, మైదానం నుంచో ఇంటికొచ్చినవారిని ‘నీళ్లు తాగావా?’ అని అడుగుతాం. ‘మూత్రం వచ్చిందా? ఏ రంగులో ఉంది?’ అనీ అడగండి. ముదురు పసుపైతే ఒంట్లో నీరు తగ్గినట్టే.