ల్యాబ్ గదే మైదానం

ముందుగా రాసుకున్న నియమాలతో, జట్లతో, నిర్ణేతలతో కంప్యూటర్ తెర మీద పోటీగా ఆడే ఆటలను ఈ-స్పోర్ట్స్ అంటారు. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో ప్రదర్శన క్రీడగా కనిపించిన ఈ పోటీలు 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల నాటికి పతకాల పట్టికలో చేరాయి. ఈ మధ్యలోనే, 2022 డిసెంబరులో, భారత ప్రభుత్వం ఈ-స్పోర్ట్స్‌ను బహుళ క్రీడోత్సవాల్లో భాగంగా గుర్తించి కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖ పరిధిలోకి తెచ్చింది. బడుల స్థాయిలో చూస్తే, నార్వేలోని బెర్గెన్‌కు చెందిన గార్నెస్ ఉన్నత పాఠశాల 2016లోనే దీన్ని ఐచ్ఛిక పాఠ్యాంశంగా పెట్టి, ఆటతోపాటు వ్యాయామాన్నీ అందులో భాగం చేసింది. అమెరికాలో 2018 చివర మొదలైన హైస్కూలు పోటీల తొలి రాష్ట్రాల్లో, అట్లాంటా పరిసరాల్లో తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడిన జార్జియా కూడా ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లోని మార్కాపురం, గిద్దలూరు, కంభం, పొదిలి ప్రాంతాల బడుల్లో ఇలాంటి కార్యక్రమం పెట్టడానికి లక్షలు పోసి కొత్త యంత్రాలు కొనాలన్న అభిప్రాయమే మొదటి అడ్డంకి అవుతుంది. నిజానికి ఉన్న ల్యాబ్‌తోనే చాలా దూరం పోవచ్చు. అయితే ఆటను ముందు ఎంచుకుని దానికి తగిన యంత్రం కోసం వెతకడం కాక, ఉన్న యంత్రం ఎక్కడ తడబడుతుందో ముందు తెలుసుకుని దానికి తగిన ఆటను ఎంచుకోవాలి. ఆ తడబాటుకు కారణాలు ఒక్క కంప్యూటర్ పెట్టెలోనే ఉండవు. కరెంటులో, ఎండలో, దుమ్ములో కూడా ఉంటాయి.

2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 5,000 ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ విద్యను ప్రవేశపెట్టినప్పుడు, ఎన్‌కంప్యూటింగ్ అనే సంస్థ పరికరాల సాయంతో ఒకే కంప్యూటర్ శక్తిని పలువురు విద్యార్థులకు పంచే పద్ధతిని అనుసరించారు. విద్యార్థి ముందు తెర, కీబోర్డు, మౌస్, చిన్న డబ్బా మాత్రమే ఉంటాయి, లెక్కలన్నీ పక్కనున్న అసలు యంత్రం చేస్తుంది. ఖర్చూ కరెంటూ ఆదా చేసే ఈ ఏర్పాటు అక్షరాలు దిద్దడానికి, బొమ్మలు గీయడానికి చక్కగా సరిపోయింది. కానీ వేగంగా కదిలే ఆటకు ఇది ఎందుకు పనికిరాదో ఒక చిన్న లెక్క చెబుతుంది. తెర మీది బొమ్మ పిక్సెళ్లు అనే సూక్ష్మమైన చుక్కలతో ఏర్పడుతుంది. 1366 అడ్డం, 768 నిలువు ఉన్న మామూలు తెరలో అవి 10 లక్షలకు పైగా ఉంటాయి. కారు పందెం వంటి ఆటలో ఆ చుక్కలన్నీ సెకనుకు 60 సార్లు మారుతుంటే, ఒక్కో చుక్క రంగును 24 బిట్లతో రాసినప్పుడు, సెకనుకు సుమారు 150 కోట్ల బిట్ల సమాచారం ప్రవహించాలి. పాత ల్యాబ్ నెట్‌వర్కులు సాధారణంగా మోయగలిగింది సెకనుకు 10 కోట్ల బిట్లు. బొమ్మను గట్టిగా కుదించి పంపవలసి వస్తుంది, ఆ కుదింపుకు మళ్లీ అదే యంత్రం శ్రమపడాలి, అదీ ఒక్కరి కోసం కాదు, దాన్ని పంచుకునే అందరి కోసం. చదరంగంలోనైతే ఒక ఎత్తుకు కొన్ని గళ్లు మాత్రమే మారతాయి కనుక ఇదే పంపిణీ ఏర్పాటు దాన్ని సునాయాసంగా మోస్తుంది.

ఇప్పుడు చాలా బడుల్లో ఉన్నవి విడివిడి కంప్యూటర్లే. వాటి శక్తిని కొలిచే తొలి ప్రమాణం ఫ్రేము. ఆట తన దృశ్యాన్ని తెర మీద ఒకసారి పూర్తిగా గీస్తే ఒక ఫ్రేము అయినట్టు. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు, 30 చాలనుకుంటే 33.3 మిల్లీసెకన్లు గడువు దొరుకుతుంది. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు. ల్యాబ్ తెరలు సాధారణంగా సెకనుకు 60 సార్లే తాజా అవుతాయి కాబట్టి అంతకు మించిన ఫ్రేములు గీసినా కంటికి దక్కేది అత్యల్పం. బడి కంప్యూటర్లలో బొమ్మలు గీసే పనికి వేరే గ్రాఫిక్స్ కార్డు ఉండదు. ప్రాసెసర్‌లోనే ఇమిడిన చిన్న చిప్పు ఆ పని చేస్తూ, తనకంటూ సొంత మెమరీ లేక, కంప్యూటర్ ర్యామ్‌నే వాడుకుంటుంది. అందుకే 8 జీబీ ర్యామ్‌ను ఒకే ముక్కగా పెట్టడం కంటే 4 జీబీవి రెండు ముక్కలుగా, మదర్‌బోర్డు సూచించిన రెండు గాడుల్లో పెడితే ఆట సాఫీగా నడుస్తుంది: 1600 వేగం గల డీడీఆర్3 ర్యామ్ ఒక్క దారిలో సెకనుకు 12.8 జీబీ ఇస్తే, రెండు దారుల్లో 25.6 జీబీ ఇవ్వగలదు. పాత హార్డ్‌డిస్కు తీసి ఎస్ఎస్‌డీ పెట్టడం మంచిదే, ఆట తెరుచుకునే సమయం బాగా తగ్గుతుంది; కాని ఫ్రేముల సంఖ్యను అది పెంచదు. అమ్మకందారులు ఈ రెండో సంగతిని సాధారణంగా ప్రస్తావించరు.

ఈ లెక్కలన్నీ చూసుకున్నాక మొదటి ఆటగా ఎంచుకోదగినది చదరంగమే. 2025లో రియాద్‌లో జరిగిన ఈ-స్పోర్ట్స్ ప్రపంచకప్‌లో చదరంగానికి తొలిసారి స్థానం దక్కింది; ఆటగాళ్లు వేదిక మీద కంప్యూటర్ల ముందు కూర్చుని, ఎత్తుకు అదనపు సమయం కలవని పది నిమిషాల గడియారంతో తలపడిన ఆ పోటీలో మాగ్నస్ కార్ల్‌సన్ విజేత కాగా, వరంగల్‌కు చెందిన అర్జున్ ఎరిగైసి నాలుగో స్థానంలో నిలిచాడు. ప్రకటనలు లేకుండా ఉచితంగా దొరికే లిచెస్ వంటి వేదికలో ఉపాధ్యాయుడే తన తరగతి పిల్లలకు ఖాతాలు తెరిచి, అపరిచితుల సంభాషణలను మూసివేసే వీలుంది. రెండో ఆటగా సూపర్‌టక్స్‌కార్ట్ అనే కారు పందెం ఆటను తీసుకోవచ్చు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా దొరికే ఈ ఆటలో 2019 నుంచి గదిలోని కంప్యూటర్ల మధ్యనే పోటీ పెట్టుకునే సదుపాయం ఉంది, లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ మీద కూడా నడుస్తుంది. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక లైనక్స్ ఇప్పుడు పాత ల్యాబ్‌లకు అవసరంగా మారింది. కేరళ ప్రభుత్వ బడులు ఎన్నో ఏళ్లుగా ఆ దారిలోనే నడుస్తున్నాయి. వాలరెంట్ వంటి తుపాకీ ఆటలు సాధారణ యంత్రాల మీద కూడా కనీస స్థాయిలో నడుస్తాయన్నది నిజమే కాని, మోసాన్ని పట్టుకోవడానికి అవి ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి పొరల్లోకి చొరబడే కాపలా ప్రోగ్రాం పెడతాయి. పరీక్షా పత్రాలు, విద్యార్థుల వివరాలు ఉండే ప్రభుత్వ యంత్రాల్లో అలాంటి దానికి చోటివ్వకపోవడమే వివేకం, పిల్లల వయసు సంగతి సరేసరి.

ఇంటర్నెట్ వేగం చాలదన్న ఫిర్యాదు తరచుగా వినబడుతుంది గాని, ఆటకు కావలసింది వేగం కంటే సమయపాలన. ఆటగాడి మీట నొక్కు అవతల ఆటను నడిపే సర్వరుకు చేరి జవాబు తిరిగి రావడానికి పట్టే సమయాన్ని పింగ్ అంటారు. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. మార్కాపురం నుంచి ముంబయికి సూటి దూరం 800 కిలోమీటర్లకు కాస్త తక్కువ కాబట్టి రానుపోను ప్రయాణానికి భౌతికశాస్త్రం విధించే కనీస గడువు దాదాపు 8 మిల్లీసెకన్లు, వంకర దారులూ మధ్యలోని యంత్రాలూ కలిసి దాన్ని ఎన్నో రెట్లు చేస్తాయి. ఆ ఆలస్యం స్థిరంగా ఉంటే చెయ్యి దానికి అలవాటు పడుతుంది. రోజూ పది నిమిషాలు ఆలస్యంగా వచ్చే బస్సుతో సర్దుకోవచ్చు గాని, ఒకరోజు ముందు, ఒకరోజు అరగంట వెనక వచ్చే బస్సుతో ఏ ఊరివారైనా వేగలేరు. ఇలాంటి అస్థిరతను జిట్టర్ అంటారు. వైఫైలో ఒకసారి ఒకరే మాట్లాడగలరు కనుక, పది యంత్రాలు ఒకే వైఫై మీద ఉంటే జిట్టర్ తప్పదు. నెట్‌వర్క్ స్విచ్చు పెట్టి వైర్లు లాగి, ఉన్నవాటిలో గట్టి యంత్రాన్ని ఎవరూ ఆడకుండా సర్వరుగా వదిలేస్తే గదిలోపలి పింగ్ ఒక మిల్లీసెకనుకు లోపే ఉంటుంది. నెట్ వేగం నిజంగా అడ్డుపడేది కొత్త వెర్షన్లు దించుకునేటప్పుడు: సెకనుకు 10 మెగాబిట్ల కనెక్షన్‌లో 5 జీబీ దించడానికి గంటా ఏడు నిమిషాలు పడితే, పది యంత్రాలూ విడివిడిగా దించుకుంటే పదకొండు గంటలు దాటుతుంది. ఒకదానిలో దించి మిగిలినవాటికి వైరు మీదుగా ఎక్కించుకోవడమే పద్ధతి.

కరెంటు విషయంలో మరో చిక్కుంది. ఇన్వర్టరు ఉన్న గదిలో కూడా కరెంటు పోగానే ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి గాని కంప్యూటర్లు మాత్రం ఒక్కసారిగా ఆరి మళ్లీ మొదలవుతుంటాయి. కంప్యూటర్ పవర్ సప్లైలోని కెపాసిటర్లు బయటి కరెంటు లేకుండా యంత్రాన్ని సుమారు 16 మిల్లీసెకన్లు మాత్రమే నిలబెట్టగలవు, అంటే విచిత్రంగా ఒక్క ఫ్రేము పట్టే సమయం; ఇళ్లలో వాడే ఇన్వర్టరు మామూలు స్థితిలో బ్యాటరీ మీదికి మారడానికి కొన్ని పదుల మిల్లీసెకన్లు తీసుకోవచ్చు. చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్ స్థితి అని ఒక చిన్న మీట ఉంటుంది, దాన్ని మారిస్తే మార్పిడి సమయం తగ్గి కంప్యూటర్లు ఆగకుండా నడుస్తాయి. అయితే పది యంత్రాలు, తెరలతో కలిపి, ఒక కిలోవాటు దాకా లాగుతాయి కాబట్టి చిన్న ఇన్వర్టరు మీద సర్వరును, స్విచ్చును, రెండు మూడు యంత్రాలను మించి పెట్టకూడదు. ఎర్తు సంగతి కూడా చూడాలి: నేల ఎండితే దాని విద్యుత్ నిరోధం పెరుగుతుంది, రాతినేలల ఈ ప్రాంతంలో వేసవికి నేల ఎంత ఎండుతుందో చెప్పనక్కర్లేదు; బొగ్గు, ఉప్పు వేసిన ఎర్తు గుంతలో అప్పుడప్పుడు నీళ్లు పోయకపోతే కంప్యూటర్ డబ్బాను ముట్టుకున్న పిల్లలకు జిలజిలమని తగులుతుంది.

అన్నిటికంటే పెద్ద ప్రత్యర్థి వేడి. కంప్యూటర్ వాడుకునే కరెంటు చివరికి దాదాపు అంతా వేడిగానే గదిలోకి వస్తుంది. కూర్చున్న మనిషి శరీరం సుమారు 100 వాట్ల వేడి వదులుతుంది కనుక, పది యంత్రాలు ఒక కిలోవాటు ఇస్తే ఇరవై మంది పిల్లలు రెండు కిలోవాట్లు ఇస్తారు. ఒక టన్ను ఏసీ తీసివేయగలిగిన 3.5 కిలోవాట్లకు ఈ మొత్తం కాస్త తక్కువ. ఆటలో పని లేనివారు గదిలో ఉండకపోవడం క్రమశిక్షణ కోసమే కాదన్నమాట. ప్రాసెసర్ వేడి గది వేడి మీద ఆధారపడుతుంది, గది 30 డిగ్రీల నుంచి 40కి పోతే ప్రాసెసర్ కూడా దాదాపు పది డిగ్రీలు పైకి పోతుంది. 100 డిగ్రీల దరిదాపులకు చేరగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. దీన్ని థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. ఉదయం బాగా ఆడిన ఆట మధ్యాహ్నం నత్తనడక నడవడానికి కారణం వైరస్ కాదు, ఇదే.

మార్కాపురంలో ఈ సమస్యకు పలకల దుమ్ము తోడవుతుంది. పలకరాయి కోసే యూనిట్ల నుంచి లేచే మెత్తటి బూడిదరంగు పొడి కిటికీల గుండా వచ్చి, ప్రాసెసర్ మీది అల్యూమినియం రేకుల మధ్య దళసరి పొరగా పేరుకుని గాలి ఆడకుండా చేస్తుంది. దాన్ని తొలగించే పనిని టెక్నీషియన్ కోసం ఆపకుండా జట్టు సాధనలోనే భాగం చేయవచ్చు. కరెంటు తీగ పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన విద్యుత్తు వదిలించి, పెట్టెను ఆరుబయటికి తీసుకుపోయి మూత తీయాలి. బ్లోయరుతో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో కదలకుండా పట్టుకోవాలి, లేకపోతే అది తట్టుకోలేని వేగంతో తిరిగి బేరింగు పాడవుతుంది. ప్రాసెసర్‌కూ రేకులకూ మధ్య ఉండే థర్మల్ పేస్టు ఎండి పెళుసు బారి ఉంటే తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టాలి. పలకరాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులకు చేటు చేసి సిలికోసిస్ వ్యాధికి దారితీయగలదు కనుక ఈ పనిని పెద్దలు దగ్గరుండి చేయించాలి, ముక్కుకు మంచి మాస్కు లేనిదే మొదలుపెట్టనీయకూడదు, లోపలి బల్లలను చీపురుతో కాక తడిగుడ్డతో తుడవాలి. ఈ పని నేర్చిన విద్యార్థికి కంప్యూటర్ గురించి పాఠ్యపుస్తకం చెప్పిన దానికంటే ఎక్కువే తెలుస్తుంది.

చట్టం గీసిన హద్దు స్పష్టంగా ఉంది. ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ వంటి పందెపు ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను దేశమంతటా నిషేధిస్తూ, నైపుణ్యం మీద మాత్రమే ఫలితం తేలే ఈ-స్పోర్ట్స్‌ను ప్రోత్సహించదగిన క్రీడగా విడదీసింది. తల్లిదండ్రుల సమావేశంలో ఈ తేడాను మొదటే వివరించకపోతే, పేకాట భయంతోనో పబ్జీ వంటి ఫోను ఆటల జ్ఞాపకంతోనో వచ్చే అభ్యంతరాలకు తర్వాత జవాబు చెప్పడం కష్టం. ఆ భయం అకారణమూ కాదు: ఆటను అదుపు చేసుకోలేని స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలులో ఉన్న వ్యాధుల వర్గీకరణలో చేర్చింది. నిర్ణీత వేళకు మొదలై నిర్ణీత వేళకు ముగిసే ఆటకు బడిలోనే వీలుంటుంది, ఇంట్లో ఫోనుకు ఆ అదుపు ఉండదు.

వేళల విషయంలో సాయంత్రం సాధన ఈ ప్రాంతానికి నప్పదు. దోర్నాల, అర్ధవీడు, కొమరోలు వైపు పల్లెల నుంచి వచ్చే పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, బడి వదలగానే బస్సు పట్టుకోవాలి. సాధన గంట బడివేళల్లో లేకపోతే జట్టులో మిగిలేది ఊళ్లో ఉండే మగపిల్లలే. అందుకే వారానికి రెండు మూడు కంప్యూటర్ పీరియడ్లను దీనికి కేటాయించి, ఎండలు ముదిరే నెలల్లో ఉదయపు పీరియడ్లకే పరిమితం చేసి, ఐదుగురు ఆడుతుంటే మిగిలినవారికి స్కోరు రాయడం, నెట్‌వర్క్ చూడడం, తెలుగులో వ్యాఖ్యానం చెప్పడం వంటి పనులు వంతులవారీగా అప్పగించాలి.

ఊరికీ ఊరికీ మధ్య పోటీ పెట్టేటప్పుడు ఒక విశేషం గమనించాలి. మార్కాపురానికీ గిద్దలూరుకూ సూటి దూరం 50 కిలోమీటర్ల పైచిలుకే అయినా, రెండు బడులూ వేర్వేరు సంస్థల ఇంటర్నెట్ వాడుతుంటే డేటా హైదరాబాదు లేదా చెన్నైలోని మార్పిడి కేంద్రం దాకా పోయి వెనక్కి రావచ్చు, ఏ జట్టు గదిలో సర్వరు ఉంటే ఆ జట్టుకు కొన్ని మిల్లీసెకన్ల అనుకూలత దక్కుతుంది. చదరంగానికి ఇది లెక్కలోకి రాదు, దాన్ని ఎవరి గదిలో వారు కూర్చుని ఆడుకోవచ్చు; కారు పందేనికి మాత్రం గుంటూరు–గుంతకల్ రైలు మార్గంలో మార్కాపురం రోడ్డు స్టేషనులో ఎక్కి, తర్లుపాడు, కంభం మీదుగా గిద్దలూరులో దిగి, ఒకే గదిలో, ఒకే స్విచ్చు మీద తలపడడం న్యాయమైన పద్ధతి.