కాపలా ఉన్నా మాయం.. లెక్కే అసలు తాళం!
పేలుడు పదార్థాల గిడ్డంగిలో చోరీ జరిగితే దర్యాప్తు సాగేదిలా

యారాడ: సింధియా కూడలి దాటి యారాడ కొండ ఎక్కేవారికి కాపలా అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. దారి పొడవునా నౌకాదళ ప్రాంతాలే. నగరంలో నిత్యం వేలాది మంది దాటే ఎన్‌ఏడీ కూడలికి ఆ పేరు వచ్చింది కూడా నౌకాదళ ఆయుధ డిపో వల్లనే. సైనిక డిపోల పద్ధతులు వేరు. గనులు, క్వారీల కోసం నిర్వహించే మందుగుండు గిడ్డంగులు పౌర చట్టాల పరిధిలోకి వస్తాయి. క్వారీల వాడుకలో వీటిని ‘మ్యాగజైన్లు’ అంటారు. కాపలా ఉండగానే అక్కడి సరుకు పోతే జాడ తీసేదెలా?

బైలదిలా పాఠం
విశాఖ రేవుకు ఇనుప ఖనిజం పంపే బైలదిలా గనులే ఇందుకు ఉదాహరణ. 2006 ఫిబ్రవరి 9 రాత్రి అక్కడి హిరోలిలో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ (ఎన్‌ఎండీసీ) మందుగుండు గిడ్డంగిపై మావోయిస్టులు దాడి చేశారు. కాపలా కాస్తున్న కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి చెందిన 8 మంది మరణించారు. టన్నుల కొద్దీ పేలుడు పదార్థాలను ఎత్తుకుపోయారు. ఇది బాహాటంగా జరిగిన దోపిడీ కనుక ఆ రాత్రే లోకానికి తెలిసింది. గుట్టుగా సాగే చోరీ అలా కాదు. లెక్క చూసిన నాడే అది బయటపడుతుంది.

మొదట తాళం.. తర్వాత పుస్తకం
చోరీ సమాచారం అందగానే బాంబు నిర్వీర్య బృందం ముందుగా ఆవరణను తనిఖీ చేస్తుంది. ఆ తర్వాతే వేలిముద్రల నిపుణులు, జాగిలాలు లోపలికి వెళతాయి. తాళం పగిలిందా, మారుతాళంతో తెరిచారా అన్నది తొలి ప్రశ్న. తాళం చెక్కుచెదరకుండా సరుకు తగ్గితే అనుమానం లోపలివారి మీదికి మళ్లుతుంది. తాళం చెవి ఎవరి వద్ద ఉంది, ఆ రాత్రి కాపలా ఎవరిది, చివరిసారి సరుకు తీసిందెవరు అని ఆరా తీస్తారు.

పెట్టెల మీద తయారీదారు పేరు, బ్యాచ్ సంఖ్య, తయారీ తేదీ ఉంటాయి. కర్మాగారం పంపిన సరుకును గిడ్డంగి రిజిస్టరుతోనూ, మిగిలిన నిల్వతోనూ సరిపోలుస్తారు. జిలెటిన్ కడ్డీలను, డిటోనేటర్లను వేర్వేరుగా ఉంచాలన్నది నిబంధన. కాబట్టి రెండింటి లెక్కా విడివిడిగా తేల్చాలి.

అసలు చిక్కు ఇక్కడే
దొంగకు గోడ దూకడం కంటే ‘వాడేశాం’ అని రాయడం తేలిక. వంద కడ్డీలు తీసుకెళ్లి అరవై పేల్చి, నూరూ పేల్చినట్లు చూపితే కాపలాదారుకు ఏమీ కనిపించదు. అందుకే దర్యాప్తు అధికారి క్వారీకి వెళ్లాలి. ఎన్ని రంధ్రాలు వేశారు, ఎంత రాయి వచ్చింది, గనుల శాఖ ఎంత రాయికి అనుమతి పత్రాలిచ్చింది అని చూడాలి. రాయి తక్కువ, మందుగుండు ఎక్కువ అయితే దొంగ దొరికే దారి అదే.

చట్టం ఏమంటోంది?
నాగపూర్ కేంద్రంగా పనిచేసే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ (పెసో) 2008 నాటి నిబంధనల అమలును పర్యవేక్షిస్తుంది. సరుకు తగ్గినా, పోయినా లైసెన్సుదారు వెంటనే పోలీసులకు తెలపాలి. పేలుడు పదార్థాల చట్టం-1908 కింద కేసు నమోదైతే న్యాయస్థానంలో విచారణకు జిల్లా మేజిస్ట్రేటు సమ్మతి తప్పనిసరి. సిబ్బందే చోరీ చేసినట్లు తేలితే భారతీయ న్యాయ సంహితలోని 306 సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు.

మనకెందుకు?
పోయిన కడ్డీ ఎక్కడో ఒకచోట తేలుతుంది. ఉగ్రవాదుల చేతికే చేరనక్కరలేదు. పేలుళ్లతో చేపలు పట్టడాన్ని 1897 నాటి మత్స్య చట్టమే నిషేధించింది. అయినా ఆ ఆశతో మందుగుండు పట్టినవారు చేతులు పోగొట్టుకునే ప్రమాదం ఉంది. తీరంలోనో, తుప్పల్లోనో కడ్డీలు, తీగలున్న గొట్టాలు కనిపిస్తే తాకరాదు. పిల్లలను దూరంగా పంపి 112కు ఫోన్ చేయాలి. పెట్టె మీది సంఖ్య చెరగకుండా ఉంటే, ఆ ఒక్క ఆధారమే పోలీసులను గిడ్డంగి గుమ్మం దాకా తీసుకెళ్లగలదు.