గురకే కదా అనుకున్నాను

మాది గుంటూరు పక్కన నల్లపాడు. మిరప కోతలప్పుడు కల్లంలో కాయలకు కాపలా పడుకునేది మా వారే. "అయ్యగారి గురక వింటే దొంగలు ఇటు రారమ్మా" అని కూలీకొచ్చిన ఆడవాళ్లు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. గురకను జబ్బని ఎవరనుకుంటారు చెప్పండి?

ఒక ఏడాది ఆ గురక తీరు మారింది. పెద్దగా వస్తూ వస్తూ ఠక్కున ఆగిపోయేది. ఛాతీ ఎగసిపడుతున్నా ముక్కు దగ్గర వేలు పెడితే గాలి ఆడేది కాదు. గోడ గడియారం చూస్తూ లెక్కపెడితే ఒక్కోసారి 20 సెకన్లు! తర్వాత ఉలిక్కిపడి ఊపిరి పీల్చేవారు. గొంతు కూడా రెండు నెలలుగా బొంగురుగానే ఉంది. మిరప ఘాటని ఆయన, సిగరెట్లని నేను. నిద్ర చాలడం లేదంటే మందుల షాపులో అడిగి నిద్రమాత్ర తెచ్చిచ్చింది కూడా నేనే. అలాంటి మాత్రలూ, మద్యమూ గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తాయని తర్వాత తెలిసి ఒళ్లు జలదరించింది.

గొంతు డాక్టరు ముక్కులోంచి సన్నని గొట్టం పంపి చూశారు. స్వరపేటిక పైన కంతి. ముక్క తీసి పరీక్ష చేయిస్తే క్యాన్సర్.

నిద్రలో ఊపిరి 10 సెకన్లు, ఆపైన ఆగుతూ ఉంటే స్లీప్ ఆప్నియా అంటారు. ఎక్కువమందిలో దీనికి కారణం లావు, గొంతు కండరాలు వదులు కావడం. 1981లో ఆస్ట్రేలియా డాక్టరు కోలిన్ సల్లివాన్ దీనికి సీప్యాప్ పద్ధతి చూపించారు. మాస్కులోంచి గాలి ఒత్తిడిగా వెళ్లి గొంతును మూసుకుపోనివ్వదు. అంతకు ముందు తీవ్రంగా ఉన్నవాళ్లకు మెడకు రంధ్రం చేయడమే దారి.

"ఆ మిషనే కొందాం, కోత వద్దు" అని మా వారు బతిమాలారు. "తలుపు మూసుకుంటే తోసి తెరవొచ్చు. గుమ్మంలో మిరప టిక్కీ అడ్డం పడి ఉంటే గాలి ఏం చేస్తుంది?" అన్నారు డాక్టరుగారు. పైగా రేడియేషన్‌కు వాపు వచ్చి దారి ఇంకా ఇరుకవ్వొచ్చట. సంతకం నేను పెట్టాను. కంతికి కింద, మెడ దగ్గర రంధ్రం చేసి గొట్టం అమర్చారు. ఆ రాత్రి గురక లేదు. ఆ నిశ్శబ్దానికి నాకే నిద్ర పట్టక, ఆయన ఛాతీ మీద చెయ్యేసి కూర్చున్నాను.

ఇంటికొచ్చాక నా వంటిల్లే మారింది. గాలి ముక్కులోంచి కాక నేరుగా లోపలికి పోతుంది కదా, ఎండుమిర్చి తాలింపు వేస్తే చాలు, దగ్గుతో ఆయన ప్రాణం విలవిల్లాడేది. పోపు పెరట్లో పెట్టుకున్నాను. గొట్టం మీద తడి గాజుగుడ్డ, రోజూ లోపలి గొట్టం శుభ్రం, స్నానంలో నీళ్లు పోకుండా జాగ్రత్త. పౌడర్ డబ్బా ఆ గదిలోకే రానివ్వలేదు.

రేడియేషన్ వారానికి 5 రోజుల చొప్పున 7 వారాలు. కంతి కరిగాక, నెలల తర్వాత గొట్టం తీశారు. హమ్మయ్య అనుకుంటే మళ్లీ గురక! ముందు కంతి తిరగబెట్టలేదని చూసి, ఆ తర్వాతే నిద్ర పరీక్ష చేశారు. రేడియేషన్‌కు గొంతు బిగుసుకుని, వాచి ఉందట. ఈసారి అడ్డం లేదు కాబట్టి మాస్కు పనికొచ్చింది.

మీ ఇంట్లో గురకతోపాటు 3 వారాలు దాటిన బొంగురు, మింగడానికి కష్టం, మెడలో గడ్డ ఉంటే మిషను కొనేముందు గొంతు చూపించండి. మెలకువలోనే ఊపిరి కీచుమంటుంటే తెల్లారేదాకా ఆగొద్దు, ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఏ ఆపరేషనైనా సరే, ఊపిరి ఆగే సంగతి మత్తు డాక్టరుకు ముందే చెప్పండి.

మా వారు సిగరెట్ మానేశారు. కల్లం కాపలా మా అబ్బాయికి అప్పజెప్పాం. మాస్కు మాత్రం దోమతెర కొక్కేనికే వేలాడుతూ ఉంటుంది.