కపిల తొండానికి ఆముదం – కారు సీటుకు ఏది?

మార్కాపురం వైపు నుంచి ఎండవేళ బేస్తవారిపేటకు వచ్చి ఆగిన కారు తలుపు తీసి, సీటు మీద వేలితో ఒక గీత గీసి చూస్తే చాలు. అది ఏ సీమ గాలి పీల్చి వచ్చినదో తెలిసిపోతుంది. వేలికి అంటిన ధూళిలో ఎర్రమట్టి ఉంటుంది, పలకరాతి పొడి కూడా ఉంటుంది. తరతరాల తెలుగు పిల్లలు ఓనమాలు దిద్దిన పలకలకు మార్కాపురం గనులే పుట్టినిల్లు గదా! బడిలో అక్షరాలను మోసిన ఆ రాయి పొడిగా మారి కారులో చేరినప్పుడు మాత్రం అంత సాధువు కాదు. పలకరాతిలో స్ఫటికశిల కలిసి ఉంటుంది. రాళ్ల కాఠిన్యాన్ని ఒకటి నుంచి పది వరకు కొలిచే మానంలో దాని స్థానం 7. అది గాజును సయితం గీయగలదు. అట్టి ధూళి పరచుకొన్న తోలు సీటును తడిగుడ్డతో ఒక్కసారిగా రుద్దితే, అది తుడవటం కాదు, గరుకు కాగితంతో చిత్రిక పట్టటమే.

ఇక్కడ చాలామంది చేసే మొదటి పొరపాటు ఇదే. రెండవ పొరపాటు దుకాణంలో జరుగుతుంది. అక్కడ క్లీనరు, కండిషనరు, పాలిష్, డ్రెస్సింగ్ అనే పేర్లతో సీసాలు వరుసగా నిలిచి ఉంటాయి. అన్నిటి మీదా మెరిసే సీట్ల బొమ్మలే. కొనేవాడు వెలను చూస్తాడు, వాసన చూస్తాడు, బొమ్మను చూస్తాడు. తన సీటు ఏ తోలుతో చేసినదో మాత్రం చూడడు. వైద్యుడు రోగిని చూడకుండా మందు రాసినట్లు ఉంటుంది ఆ వ్యవహారం.

తోలును గుర్తెరిగి పోషించే విద్య ఈ సీమకు కొత్తది కాదు. విద్యుత్తు మోటార్లు రాక పూర్వం ఇక్కడి బావుల మీద కపిలలు ఆడేవి. ఎడ్లజత వాలుబాట వెంట దిగుతూ ఉంటే బాన పైకి వచ్చేది. దాని అడుగున వేలాడే తోలు తొండం నీటిని కాలువలో కుమ్మరించేది. ఆ తొండం నిత్యం నానుతూ, ఎండుతూ, మళ్లీ నానుతూ ఉండవలసినదే. దానిని కుట్టినవాడు, చిరిగితే అతుకు వేసినవాడు మాదిగ. అతనికి కళ్లంలో మేరగా కొన్ని గింజలు కొలిచేవారు. తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ – వీటి కషాయంలో తోలును నానవేసి పదును చేయటం, ఎండిన తోలుకు ఆముదమో కానుగ నూనో పట్టించి మెత్తబరచటం అతని విద్య. ఆ విద్యను గ్రంథస్థం చేసినవారు తక్కువ. అడిగి నేర్చుకొన్నవారూ అరుదు. ఊరి పొలాలకు నీరు తోడిన తొండాన్ని కుట్టిన చేతికి ఊరబావిని తాకే హక్కు లేకపోయింది. తోలు ముట్టితే మైల అన్న ఇంటి మనుమడే నేడు తోలు సీట్ల కారును బంధువులకు చూపి మురిసిపోతున్నాడు. కాలం చేసే చమత్కారాలలో ఇది ఒకటి.

ఈ కపిలకూ నేటి కారు సీటుకూ మధ్య ఒక చుట్టరికం ఉన్నదని ఎక్కువమంది ఎరుగరు. 1903 ప్రాంతంలో మద్రాసులో ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ అనే ఇంజనీరు క్రోము లవణాలతో తోలు పదును చేసే ప్రయోగాలు ప్రారంభించాడు. చెక్క కషాయంతో పదునైన తోలు నీటిలో త్వరగా చివికిపోతున్నది. క్రోముతో పదును చేస్తే బావి బానలు ఎక్కువకాలం మన్నుతాయి గదా అన్నది ఆయన ఉద్దేశాలలో ఒకటి. అంటే దక్షిణ దేశపు రైతు బావి కోసం ప్రయత్నించిన పద్ధతి, నేడు లోకంలో ఎన్నో కారు సీట్ల తోళ్లను తయారుచేసే పద్ధతి ఒకటే. క్రోము తోలు మరిగే నీటి వేడిని కూడా చాలావరకు ఓర్చుకొంటుంది. చెక్క కషాయపు తోలు 70, 85 డిగ్రీల మధ్యనే ముడుచుకుపోతుంది. వేసవిలో తలుపులు మూసి ఎండలో నిలిపిన కారులోపలి వస్తువులు 60 డిగ్రీలు దాటి కాలుతాయని తలచుకొంటే ఈ భేదం ఎంత విలువైనదో బోధపడుతుంది.

ఈ విషయాలను శాస్త్రంగా పరిశోధించటానికి మద్రాసులో 1948లో కేంద్ర తోలు పరిశోధనా సంస్థ వెలసింది. దానికి 1958 నుంచి 1971 వరకు సంచాలకుడుగా ఉన్న యలవర్తి నాయుడమ్మ నాటి గుంటూరు జిల్లాలోని యలవర్రు గ్రామంలో పుట్టినవాడు. అంటరానివారి పని అని లోకం దూరంగా ఉంచిన వృత్తిని ఒక వ్యవసాయ కుటుంబపు బిడ్డ తన జీవిత శాస్త్రంగా చేసుకోవటం ఆనాటికి చిన్న సంగతి కాదు. 1985లో కనిష్క విమాన దుర్ఘటనలో ఆయన మరణించాడు.

ఇక సీటు దగ్గరకు వద్దాము. కారు సీటు తోలు నగ్నంగా ఉండదు. తోలు మీద రంగుపూత ఒకటి, దాని పైన పాలీయురిథేన్ అనే పారదర్శకమైన పూత మరొకటి ఉంటాయి. ఈ పూతల దళసరి అంతా కలిపినా తల వెంట్రుక మందాన్ని మించదు. చేతికి తగిలేది ఈ పూతే గాని తోలు కాదు. కపిల తొండానికి పట్టించిన ఆముదం తోలు పోగుల మధ్యకు ఇంకి వాటిని మెత్తన చేసేది. కారు సీటు మీద పోసిన ఆముదం పూత మీదనే నిలిచి, జిడ్డు కట్టి, దారిలోని ధూళినంతా ఆహ్వానిస్తుంది. వేరుశనగ నూనె, కొబ్బరి నూనె వేడికి మక్కిపోయి వాసన కొడతాయి. అవిసె నూనె మరీ ప్రమాదకరం; అది గాలి తగిలి గట్టిపడే జాతి. తాత చేసినది మంచిదే. కాని తాత చేసిన తోలు వేరు.

అసలు అది తోలేనా అన్నది మరొక ప్రశ్న. తోలు సీట్లు అని చెప్పుకొనే వాటిలో చాలావరకు రెక్సిన్ జాతివే. కొన్ని కార్లలో ఒళ్లు ఆనే భాగం మాత్రమే తోలు, పక్కలు రెక్సిన్. పరీక్షకు నిప్పు అక్కరలేదు. సీటు అడుగున, జిప్పు ఉన్నచోట, అంచు వెనుకవైపు చూడాలి. లోపల నూగు వంటి పోగులు కనిపిస్తే తోలు. నేసిన గుడ్డ కనిపిస్తే రెక్సిన్. వాసనను నమ్మరాదు, వాసనను కూడా సీసాలలో అమ్ముతున్నారు. రెక్సిన్‌కు కండిషనరు కొనటం బండరాతికి ఎరువు వేయటమే. దానికి మెత్తని సబ్బునీటి గుడ్డ చాలును. తోలేనని తేలినప్పుడు మరుగైన చోట ఒక నీటిబొట్టు వేసి చూడాలి. ముత్యంలా నిలిస్తే పూత ఉన్నట్లు. ఇంకి నల్లబడితే పూత లేని తోలు. దానికి వాడే సరుకులు వేరు, జాగ్రత్తలు మరింత ఎక్కువ.

పనిముట్లలో మొదటిది వాక్యూమ్ క్లీనరు. దాని మూతికి మెత్తని కుచ్చు ఉండాలి. గట్టి ప్లాస్టిక్ మూతి తోలును గీస్తుంది. కుట్ల సందులలో దాగిన రాతిపొడిని ముందుగా అదే లాగాలి. రెండవది కుంచె. గుర్రపు వెంట్రుకలతో చేసినది శ్రేష్ఠం. బట్టలుతికే నైలాన్ బ్రష్షు దగ్గరకు కూడా రాకూడదు. మైక్రోఫైబర్ గుడ్డలు కనీసం మూడు ఉండాలి – ఒకటి మందుకు, ఒకటి తడికి, ఒకటి ఆరబెట్టటానికి. వంటపాత్రలు తోమే పీచు, గోడ మరకలు చెరిపే తెల్లని మెలమైన్ స్పాంజి రెండూ పూతకు శత్రువులే. తెల్లని స్పాంజి మెత్తగా కనిపించి మోసగిస్తుంది. అది నిజానికి అతి సన్నని గరుకు కాగితం.

క్లీనరును ఎన్నుకోవటంలో రసాయనశాస్త్రం చదివిన విద్యార్థికి ఒక సౌలభ్యం ఉన్నది. తోలు స్వభావం ఆమ్లం. సీసా మీద పి.హెచ్. విలువ అచ్చువేసి ఉంటే అది 5, 7 మధ్య ఉన్నదానిని తీసుకోవాలి. బట్టల సబ్బు నీరు 9, 10 దాకా పోతుంది. చాకలిసోడా ఇంకా పైన. అవి మురికితో పాటు తోలు పదునును కూడా క్రమంగా సడలిస్తాయి. మన కుంకుడుకాయ రసం ఆమ్ల స్వభావం కలది గనుక శాస్త్రరీత్యా తోలుకు విరోధి కాదు. కాని దాని గోధుమరంగు, జిగట లేతరంగు సీటు మీద మిగిలిపోతాయి. తలకు మంచిదని సీటుకు వాడనక్కరలేదు.

తల అనగానే ఒక మాట. సీట్లలో అన్నిటికంటే ముందు పాడయ్యేది తల ఆనించే చోటు. కొబ్బరి నూనె అక్కడి పూతను మెల్లగా మెత్తబరచి ఊడదీస్తుంది. పక్షానికి ఒకసారి ఆ ఒక్క చోటు తుడిచినా సగం మన్నిక దక్కుతుంది. ఉపాధ్యాయుల కార్లలో మరొక శత్రువు ఎర్రసిరా కలము. సిరా పడగానే స్పిరిట్ కోసం పరుగెత్తేవారున్నారు; స్పిరిట్ సిరాను తీస్తుంది, దానితో పాటు రంగుపూతనూ తీస్తుంది. 2020 తరువాత ప్రతి కారులో చేరిన చేతుల శానిటైజరు చేసే పని కూడా ఇదే. సిరా తడిగా ఉండగానే పొడిగుడ్డతో అద్ది పీల్చాలి, రుద్దరాదు. మిగిలిన మరకను నిపుణునికి వదలటం మేలు.

మందును ఎన్నడూ సీటు మీద నేరుగా చల్లకూడదు. గుడ్డ మీదనో కుంచె మీదనో వేసి, అరచేయి వెడల్పు భాగాలుగా చేసుకుంటూ పోవాలి. చిల్లుల సీటయితే మరింత జాగ్రత్త అవసరం. నీరు చిల్లుల గుండా దిగి అడుగు స్పంజిలో చేరితే దుర్వాసన పుడుతుంది, తీగలు కూడా చెడవచ్చు. పని అయిన తరువాత కారును నీడలో, తలుపులు తెరచి ఆరనివ్వాలి.

కండిషనరు గురించి వ్యాపార ప్రకటనలు చెప్పేదంతా నిజం కాదు. పూత వేసిన తోలును అది లోపలిదాకా పోషిస్తుందనటం అతిశయోక్తి. తోలుకు కావలసిన కొవ్వును పదును చేసేటప్పుడే పోగులలోకి ఎక్కిస్తారు. నీళ్లతో కలిపిన పలుచని కండిషనరు పూత మీద రాపిడిని తగ్గిస్తుంది, సన్నని పగుళ్ల వద్ద కొంత తేమను నిలుపుతుంది, అందులో అతినీలలోహిత కిరణాలను అడ్డే ద్రవ్యం ఉంటే ఎండకు రంగు వెలవటాన్ని ఆలస్యం చేస్తుంది. ఇంతవరకే దాని పని. కాబట్టి కొనేటప్పుడు జిడ్డుగా మెరిసేది వద్దు, ఆరిన తరువాత మెరుపు లేకుండా పొడిగా ఉండేదే కావాలి. మెరుపు కోసం కలిపే సిలికోన్ తరువాత రంగు దిద్దవలసి వస్తే ఆ రంగును అంటనివ్వదు. చెప్పుల పాలిష్ అయితే పంచెకు, చీరకు తన ముద్ర వేసి గాని ఊరుకోదు. మూడు నాలుగు నెలలకు ఒకమారు, పలుచగా పూయటం సరిపోతుంది. మిగిలిన కాలం వేపచెట్టు నీడ, ముందు అద్దానికి ఒక అట్ట – ఈ రెండూ ఏ సీసాకూ తీసిపోవు.

కొత్త సీసా తెచ్చిన దినాన దానిని ముందు సీటు నడుమ ప్రయోగించరాదు. వెనుక సీటు కింది అంచున, కంటికి ఆనని చోట, తెల్లని నూలుగుడ్డకు కొద్దిగా అద్ది నెమ్మదిగా తుడిచి, ఒక రాత్రి గడవనివ్వాలి. మరునాడు పగటి వెలుతురులో గుడ్డను, అంచును పక్కపక్కన పెట్టి చూడాలి. గుడ్డకు అంటినది మురికియేనా, లేక సీటు రంగా? రంగే అయితే ఆ సీసాను దుకాణంలో తిరిగి ఇవ్వవలసినదే.