సముద్రాలు నాలుగా, ఏడా?

చదరంగం మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... ఈ కథ వినని వాళ్ళు మనలో ఉండరు. 64 గళ్ళూ నిండేసరికి మొత్తం 2⁶⁴−1, అంటే 18446744073709551615 గింజలు. ఈ ఇరవై అంకెల్నీ ఇమిడ్చిన తెలుగు పద్యం ఒకటుంది. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన పేరు మీద అది ప్రచారంలో ఉంది.

మాది ద్వారకా తిరుమల కాబట్టి కొలత మా వైపుదే తీసుకుంటా. గ్రాముకి 50 బియ్యపు గింజలు అనుకుంటే మొత్తం దాదాపు 36,900 కోట్ల టన్నులు. కొల్లేరు అభయారణ్యం 308 చదరపు కిలోమీటర్లు. ఆ బియ్యం అంతా అక్కడ సమంగా పోస్తే కిలోమీటరున్నర ఎత్తు లేస్తుంది. దాని పక్కన మా చిన తిరుపతి కొండ కనపడదు!

పద్యంలో అంకెలు అంకెలుగా ఉండవు. శరం అంటే 5 (మన్మథుడి బాణాలు), చంద్రుడు 1, రంధ్రం 9, గగనం 0. దీన్ని భూతసంఖ్య పద్ధతి అంటారు. మొదటి మాట ఒకట్ల స్థానం, అక్కణ్ణుంచి ఎడమకి వెళ్ళాలి.

చిక్కల్లా సముద్రంతోనే. పద్యంలో అది రెండు చోట్ల వస్తుంది, ఒకసారి అబ్ధి, ఒకసారి పయోనిధి. చతుస్సముద్రాలు అనుకుంటే 4, సప్తసముద్రాలు అనుకుంటే 7. శాస్త్రంలో రెండు వాడుకలూ ఉన్నాయి. మరి క్యాలిక్యులేటర్ లేకుండా తేల్చేదెలా?

రెండు వర్గాల తేడా సూత్రాన్ని వరసగా వాడితే 2⁶⁴−1 ఇలా విడిపోతుంది: 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297. అంటే అసలు సంఖ్యని 3 నిశ్శేషంగా భాగించాలి. అంకెల మొత్తం 87, సరిపోయింది. కానీ ఒక 4ని 7గా చదివితే మొత్తం 90, దాన్నీ 3 భాగిస్తుంది! తేడా సరిగ్గా 3 కాబట్టి ఈ పరీక్ష తప్పుని పట్టలేదు. చివరి అంకె మారలేదు కాబట్టి 5 కూడా పట్టలేదు.

17 పట్టేస్తుంది. ఒక్క అంకె తప్పితే వచ్చే తేడా 9కి మించని అంకెని 10 ఘాతంతో గుణించినది. 17 ప్రధాన సంఖ్య, ఆ రెంటిలో దేన్నీ భాగించదు. పక్కపక్క అంకెలు తారుమారైనా (రెండూ ఒకటే కాకపోతే) దొరికిపోతుంది, ఎందుకంటే అప్పుడు తేడాలో అదనంగా వచ్చేది 9 మాత్రమే. రెండు సముద్రాల్నీ ఒకేసారి 7గా చదివినా శేషం మిగులుతుంది, నేను చేసి చూశాను.

చేయడం కూడా తేలికే. 100ని 17తో భాగిస్తే 15 మిగులుతుంది, అంటే −2 అనుకోవచ్చు. సంఖ్యని 18, 44, 67, 44, 07, 37, 09, 55, 16, 15 అని జంటలు చేయండి. ఎడమ నుంచి మొదలెట్టి, ఉన్న శేషాన్ని −2తో గుణించి తరవాతి జంట కలపండి, 17లు తీసేయండి. శేషాలు వరసగా 1, 8, 0, 10, 4, 12, 2, 0, 16, చివర 0. కాబట్టి ఇక్కడ సముద్రాలు నాలుగే.

ఇంకో ముచ్చట. పైన చివరి కారణాంకం 4294967297 ప్రధాన సంఖ్యే అని ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641 × 6700417గా విడగొట్టాడు.