మీకు తెలుసా? తీసేయమంటే ఒకటి వదిలేసే లూపు

పైథాన్ మొదలుపెట్టినవాళ్లకు త్వరలోనే ఎదురయ్యే లెక్క ఇది: ఒక లిస్టులో చిన్న చిన్న లిస్టులున్నాయి, వాటిలో మరీ పొట్టివాటిని ఏరి పారేయాలి. ఉదాహరణకు [[1], [2], [7, 8, 9]] తీసుకోండి. ఒకే అంకె ఉన్నవి పోవాలి. వెంటనే తట్టేది ఫర్ లూప్. లోపలి లిస్టుల్ని ఒక్కొక్కటిగా లెన్‌తో కొలవడం, పొడవు 2 కన్నా తక్కువైతే రిమూవ్ చేసేయడం. చివరికి [[7, 8, 9]] మిగలాలి కదా? మిగిలేది [[2], [7, 8, 9]]!

లెన్ తప్పేమీ చెప్పలేదు. [2]ను అసలు కొలవనే లేదు. ఫర్ లూప్ స్థానాలు లెక్కపెట్టుకుంటూ నడుస్తుంది: 0, 1, 2 అలా. 0లో ఉన్న [1] పోగానే వెనకున్నవన్నీ ఒక్కో అడుగు ముందుకు జరుగుతాయి. [2] వచ్చి 0లో కూర్చుంటుంది, లూపేమో అప్పటికే 1కి వెళ్లిపోతుంది. రేషన్ షాపు క్యూలో మొదటాయన వెళ్లాక అందరూ ముందుకు జరిగితే, డీలరు మాత్రం "ఇక రెండో మనిషి రండి" అని పిలిచినట్టు.

చిత్రమేమిటంటే, ఇవే మూడింటినీ [[1], [7, 8, 9], [2]] అని పేర్చి చూడండి, జవాబు సరిగ్గా వస్తుంది. పొట్టివి రెండు పక్కపక్కన పడితేనే గుట్టు బయటపడేది. అందుకే ఒకటి రెండు ఉదాహరణలతో సరిచూసుకుని "పనిచేస్తోంది" అనుకునేవాళ్లు ఎక్కువ. డిక్షనరీ మీద లూపు నడుస్తుండగా దాన్ని తగ్గిస్తే పైథాన్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. లిస్టు దగ్గర మాత్రం నోరు మెదపదు. నన్నడిగితే, ఇక్కడా అలా గదమాయిస్తేనే బాగుండేది.

తీసేయడం మాని, ఉంచాల్సినవే కొత్త లిస్టులోకి ఏరుకుంటే ఈ బెడద లేదు. 2000లో పైథాన్ 2.0తో వచ్చిన లిస్ట్ కాంప్రిహెన్షన్ ఆ పనిని ఒక్క వరుసలో చేస్తుంది. అంతకుముందు నుంచీ ఉన్న ఫిల్టర్‌తోనూ చేయొచ్చు. కాకపోతే పైథాన్ 3లో అది నేరుగా లిస్టు ఇవ్వదు, మనమే లిస్టుగా మార్చుకోవాలి.

ఏరుకున్నాక కూడా ఒక మెలిక ఉంది. బయటి లిస్టు కొత్తదే గానీ, లోపలివి పాతవే. కొత్తదాంట్లోని [7, 8, 9]కి 10 చేర్చారనుకోండి, పాత లిస్టులోనూ [7, 8, 9, 10] ప్రత్యక్షమవుతుంది. రెండూ వేర్వేరుగా ఉండాలంటే, ఏరేటప్పుడే లోపలి లిస్టుల్ని కాపీ చేసుకోవాలి.